హసీదీ మార్మికత, ఆధునిక భౌతికశాస్త్రం: ఏ పోలిక నిలుస్తుంది, ఏది కూలుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ సెమినార్‌లో యూదుల హసీదీ మార్మికతకూ ఆధునిక ఫిజిక్స్‌కూ ఉన్న పోలికల మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలి. వీడియోల్లో నాలుగు దొరికాయి: 137 అనే సంఖ్య, పది సెఫిరాలకీ (దైవ గుణాలు) స్ట్రింగ్ థియరీ పది డైమెన్షన్లకీ పొత్తు, త్సిమ్‌త్సుమ్ (సృష్టికి చోటివ్వడానికి దైవ వెలుగు తగ్గడం) అంటే బిగ్ బ్యాంగ్, క్షణక్షణ సృష్టి అంటే క్వాంటం వాక్యూమ్. వీటిలో ఏవి నిలబడతాయి?

సూటిగా చెప్తాను. మొదటి రెండూ పక్కన పడేయండి. మూడోదాంట్లో సగం సరుకుంది, కాకపోతే వీడియోల్లో చూపించే సగం కాదు. నాలుగోది అన్నిటికంటే బలమైనది, కానీ దాన్ని పోల్చాల్సింది వాక్యూమ్‌తో కాదు. మీ జాబితాలో లేని ఐదోది, కాలం గురించి బ్రాత్స్‌లవ్ నహ్మాన్ అనే హసీదీ గురువు అన్న మాట, ఇరవై నిమిషాల సెమినార్‌కి బాగా సరిపోతుంది. ఏ పోలికా ఫిజిక్స్‌కి ఆధారం కాదు, మార్మికతకి రుజువూ కాదు. ఇది మొదటి స్లయిడ్‌లోనే చెప్పేస్తే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

ముందు ఎవరు ఏ కాలం వారో తేల్చుకోండి. వీడియోలు 'కబ్బాలా' (యూదుల మార్మిక సంప్రదాయం) అని అన్నిటినీ ఒకే గంపలో వేస్తాయి. కబ్బాలాకి ముఖ్యమైన జోహర్ గ్రంథం 13వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లో బయటికొచ్చింది. త్సిమ్‌త్సుమ్ (మొదటి అక్షరాన్ని 'చుక్క', 'చాప'ల్లో చ పలికినట్టు పలకాలి) సిద్ధాంతం ఇసాక్ లూరియాది. ఆయన 1534లో పుట్టి 1572లో నేటి ఇజ్రాయెల్‌లోని సఫేద్‌లో పోయాడు. హసీదీ ఉద్యమం ఇంకా తర్వాతది, 18వ శతాబ్దంలో నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో మొదలైంది. మూలపురుషుడు బాల్ షెమ్ తోవ్ 1760లో, ఆయన తర్వాత ఉద్యమాన్ని నడిపిన మెజెరిచ్ ఊరి మగ్గిద్ (ప్రవచనకారుడు) 1772లో మరణించారు. మగ్గిద్ శిష్యుడు ష్నేయుర్ జల్మాన్ (1745–1812) రాసిన 'తాన్యా' అనే గ్రంథం 1796లో అచ్చయింది. ఆయన స్థాపించిన శాఖే చబాద్. 2008 ముంబై దాడులప్పుడు మనం పేరు విన్న నారిమన్ హౌస్ వీళ్లదే. బాల్ షెమ్ తోవ్ మునిమనవడు నహ్మాన్ (1772–1810) బ్రాత్స్‌లవ్ శాఖకి మూలం. జోహర్ వాక్యాన్ని తెచ్చి 'హసీదీలు అన్నారు' అనడం తిక్కన పద్యాన్ని త్యాగరాజు కీర్తన అనడం లాంటిది.

137 సంగతి. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంది. 'కబ్బాలా' అన్న మాటలో ఖోఫ్ 100, బేత్ 2, లామెద్ 30, హే 5, మొత్తం 137. ఫిజిక్స్‌లో ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకానికి (విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) విలోమం సుమారు 137. ఇంకేముంది అంటారు. మొదటి చిక్కు, అది పూర్ణాంకం కాదు, 137.035999 చిల్లర. రెండోది, అది ఒకేచోట నిలిచే సంఖ్య కూడా కాదు. తక్కువ శక్తి దగ్గర కొలిస్తే 137, జెడ్ బోసాన్ ద్రవ్యరాశి స్థాయిలో, అంటే 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, దాదాపు 128. మూడోది, అదే 137 బైబిల్లో కావలసినన్ని చోట్ల ఉంది: ఇష్మాయేలు, లేవి, అమ్రాము ముగ్గురూ 137 ఏళ్లే బతికారని రాసి ఉంది, 'ఓఫాన్', అంటే చక్రం అనే మాట విలువ కూడా 137. వీళ్లలో ఎవరిని ఎలక్ట్రాన్‌కి ముడిపెట్టాలి?

అక్షరాలకి అంకెలిచ్చే మన కటపయాది పద్ధతి తెలుసు కాబట్టి తేడా ఇట్టే పట్టుకోవచ్చు. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిప్పితే 29వ మేళకర్త. అక్కడ సంఖ్య ముందుంది. దానికి సరిపడేలా శంకరాభరణానికి 'ధీర' తగిలించారు. పెట్టినవాళ్లున్నారు, ఎందుకు పెట్టారో తెలుసు. 137కి అలా కావాలని పెట్టినవాడెవడూ లేడు. ఈ వల్లో పడింది మార్మికులే కాదు. ఆర్థర్ ఎడింగ్టన్ అనే పేరున్న భౌతికశాస్త్రవేత్త ఆ సంఖ్య కచ్చితంగా 136 అని తర్కంతో నిరూపించాడు. కొలతలు 137 వైపు జరిగేసరికి ఇంకో ఒకటి కలిపి దాన్నీ నిరూపించాడు. అందుకే ఆయన్ని 'ఆడింగ్-వన్' అని వెక్కిరించారు.

పది డైమెన్షన్ల సంగతి ఇంకా పలచన. సూపర్‌స్ట్రింగ్‌కి పది, ఎం-థియరీకి పదకొండు, పాత బోసానిక్ స్ట్రింగ్‌కి ఇరవై ఆరు. ఇరవై ఆరు అంటారా, దేవుడి నాలుగక్షరాల పేరు విలువ సరిగ్గా 26 (10, 5, 6, 5). ఏ థియరీ గెలిచినా ఒక శ్లోకం సిద్ధంగా ఉంటుంది. పైగా సెఫిరాలు అక్షరేఖలు కావు. హసీదీ గ్రంథాల్లో అవి జ్ఞానం, అవగాహన, దయ, కాఠిన్యం లాంటి దైవ గుణాలు, మనిషి మనసులో వాటి నీడలు. సెఫిరాల మాట మొదట కనిపించే ప్రాచీన గ్రంథం 'సెఫెర్ యెత్సీరా'లో దిక్కుల ప్రస్తావన ఉన్నమాట నిజమే, కానీ అక్కడ లెక్క వేరు: తూర్పు-పడమర, ఉత్తరం-దక్షిణం, పైన-కింద, మొదలు-తుది, మంచి-చెడు. పది కొసలు, ఐదు రేఖలు. అందులో ఒక రేఖ మంచి-చెడు. దానికి టెన్సర్ రాయగలిగితే రాయండి.

విశ్వం వయసు గురించిన లెక్క కూడా మీకు ఎదురవుతుంది. ఆర్యే కప్లాన్ అనే రబ్బీ (యూదు మతగురువు), ఫిజిక్స్ చదువుకున్నవాడే, ఆక్రే ఊరి ఇసాక్ అనే మధ్యయుగ కబ్బాలిస్టు ఆధారంగా చెప్పింది: 42,000 దైవ సంవత్సరాలు, దైవ దినం వెయ్యేళ్లు, కాబట్టి 42,000 × 365,250 = 1,534 కోట్ల ఏళ్లు. ఇప్పటి కొలత 1,380 కోట్లు. దగ్గరగానే ఉందనిపిస్తుంది. కానీ కొందరు కబ్బాలిస్టుల లెక్కలో సృష్టి ఏడువేల ఏళ్ల చక్రాలుగా నడుస్తుంది; ఆ 42,000 రావాలంటే మనం వాటిలో ఏడోదాంట్లో ఉండాలి. మనం రెండోదాంట్లోనే ఉన్నామని చెప్పిన కబ్బాలిస్టులూ ఉన్నారు. అప్పుడు 7,000 × 365,250, అంటే 256 కోట్లు. భూమి వయసే 454 కోట్లు. ఏ మీట ఎంత తిప్పాలో జవాబు తెలిశాక నిర్ణయించారన్నమాట. పైగా లూరియా ఈ చక్రాలు భౌతిక ప్రపంచాలు కావన్నాడు, హసీదీలు నడిచేది లూరియా బాటలో. అందుకని ఈ అంశం మీ సెమినార్‌దే కాదు.

ఇక త్సిమ్‌త్సుమ్. లూరియా చిత్రం ఇది: అనంతుడి వెలుగు అంతటా నిండి ఉంది, సృష్టికి చోటు లేదు. ఆ వెలుగు మధ్యలోంచి పక్కలకి తగ్గి ఒక ఖాళీ ఏర్పడింది. ఖాళీలో పాత వెలుగు తాలూకు మరక మిగిలింది, తర్వాత సన్నటి గీతలా వెలుగు లోపలికొచ్చింది. వీడియోలు ఇక్కడే 'బిందువు, పేలుడు' అని అందుకుంటాయి. రెండువైపులా తప్పే. బిగ్ బ్యాంగ్ ఖాళీలోకి జరిగిన పేలుడు కాదు. దానికి మధ్య లేదు, బయట లేదు. విశ్వానికి దాదాపు 3,80,000 ఏళ్లప్పుడు విడుదలైన వెలుగు ఇప్పుడు 2.725 కెల్విన్ దగ్గర అన్ని దిక్కుల నుంచీ సమానంగా వస్తోంది, ఒక మూల నుంచి కాదు. అటువైపు తాన్యా రెండో భాగం ఏడో అధ్యాయం త్సిమ్‌త్సుమ్‌ని అక్షరాలా తీసుకోవడం పొరపాటంటుంది. వెలుగు ఎక్కడికీ పోలేదు, మరుగైంది అంతే. చబాద్ పాఠం చెబుతూ చబాద్ ఒప్పుకోని చిత్రం వాడకూడదు కదా.

సరుకున్న సగం ఈ 'మరుగు'లో ఉంది. చబాద్ గ్రంథాలు గురువుని ఉదాహరణగా చెబుతాయి: గురువు తన లోతంతా బయటపెడితే శిష్యుడికి ఒక్క ముక్క అందదు, దాన్ని దాచి ఒక చిన్న మాటగా ఇస్తాడు. లోతు పోలేదు, మాట వెనకే ఉంది. దీనికి ఫిజిక్స్‌లో దగ్గరి బంధువు స్టాటిస్టికల్ మెకానిక్స్. ఒక మోల్ వాయువులో 6.022 × 10²³ అణువులుంటాయి. మనం పీడనం, పరిమాణం, ఉష్ణోగ్రత అని మూడు సంఖ్యలతో పని కానిస్తాం. అణువులు ఎక్కడికీ పోలేదు, వర్ణనలోంచి మరుగయ్యాయి. మరుగవ్వడం వల్లే 'ఉష్ణోగ్రత' అనే కొత్త మాటకి అర్థం వచ్చింది.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చూపించాలి, అసలు రుచి అక్కడే ఉంది. వాయువులో అనేకాన్ని దాస్తే ఒకటి కనిపిస్తుంది. త్సిమ్‌త్సుమ్‌లో ఒక్కదాన్ని దాస్తే అనేకం కనిపిస్తుంది. బాణం పూర్తిగా ఎదురు దిక్కులో ఉంది. ఇది ఒక్కటి బోర్డు మీద గీసి చూపించినా మీ సెమినార్ వీడియోల కంటే ముందుంటుంది.

క్షణక్షణ సృష్టి దగ్గర కాస్త నిదానించండి. తాన్యా రెండో భాగం మొదటి అధ్యాయం కీర్తనలు 119:89 తీసుకుంటుంది, 'నీ వాక్యము ఆకాశమందు నిత్యము నిలకడగా ఉన్నది' అనే అర్థం ఉన్న వచనం. బాల్ షెమ్ తోవ్ వ్యాఖ్యానం ప్రకారం ఆదికాండంలో సృష్టి చేసిన పది పలుకుల అక్షరాలు ఇప్పటికీ ఆకాశంలో నిలబడి ఉన్నాయి. అవి ఒక్క క్షణం తప్పుకుంటే ఆకాశం మళ్లీ శూన్యమే. రాయి పేరు ఆ పది పలుకుల్లో లేదుగా, మరి రాయి ఎలా ఉంది? అక్షరాల మార్పిడి, కూర్పుల ద్వారా ప్రాణం దిగివస్తుందంటుంది, 231 ద్వారాల గుండా. 22 అక్షరాల్లోంచి రెండేసి జతలు కడితే వచ్చే సంఖ్య అది: 22 × 21 / 2. రెండో అధ్యాయంలో వాదన ఉంది. కంసాలి వెండిగిన్నె చేసి వెళ్లిపోతే గిన్నె ఉంటుంది, ఎందుకంటే వెండి ముందే ఉంది, అతను ఆకారమే మార్చాడు. లేనిదాన్ని ఉన్నదిగా చేయడం అలాంటిది కాదు. ఇంకో ఉదాహరణ, బైబిల్లో ఇశ్రాయేలీయులు దాటేందుకు చీలిన ఎర్రసముద్రం: ఆ నీళ్లని రాత్రంతా గాలి నిలబెట్టింది. గాలి ఆగి ఉంటే నీళ్లు ఆ క్షణమే తమ స్వభావానికి తిరిగిపోయేవి. మన మాటల్లో చెప్పాలంటే కుమ్మరి పోయినా కుండ ఉంటుంది, పాడేవాడు ఆపితే పాట ఉండదు. ప్రపంచం కుండ కాదు, పాట అంటున్నాడు జల్మాన్.

వీడియోలు దీనికి 'కణాలు క్షణక్షణం పుట్టి మాయమవుతున్నాయి' అని వాక్యూమ్‌ని జతచేస్తాయి. ఇది ఫిజిక్స్‌గానే తప్పు. ఎలక్ట్రాన్ మిణుకు మిణుకుమనడం లేదు. అది విఘటనం చెందే కాలం కనీసం 6.6 × 10²⁸ ఏళ్లని ప్రయోగం హద్దు పెట్టింది. వర్చువల్ కణాలు లెక్కలో వచ్చే పదాలు, తెరచాటు బొమ్మలాట కాదు. అన్నిటికీ మించి వాక్యూమ్ శూన్యం కాదు. దానికి ఫీల్డులున్నాయి, నియమాలున్నాయి, తోసే శక్తి కూడా ఉంది: రెండు లోహపు పలకలని ఒక మైక్రాన్ దూరంలో ఎదురెదురుగా పెడితే వాక్యూమ్ వాటిని దగ్గరికి తోసే 'కాసిమిర్ పీడనం' దాదాపు 1.3 మిల్లీపాస్కల్. హసీదీలు 'అయిన్' అనేది, అంటే 'లేనిది', ఆ నియమాలకీ ముందుది.

ఇంకో పరీక్ష పెట్టండి: ఫిజిక్స్ అటు తిరిగి ఉంటే? 1948లో హోయల్, బాండి, గోల్డ్ స్థిరస్థితి విశ్వాన్ని ప్రతిపాదించారు. దాంట్లో పదార్థం నిజంగానే నిరంతరం పుడుతూ ఉంటుంది. అది గెలిచి ఉంటే ఇవే వీడియోలు త్సిమ్‌త్సుమ్‌ని వదిలేసి తాన్యా రెండో భాగాన్ని పట్టుకునేవి. 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించిన మైక్రోవేవ్ నేపథ్యం, అంటే పైన చెప్పిన 2.725 కెల్విన్ వెలుగు, ఆ సిద్ధాంతాన్ని పడగొట్టింది. తాన్యాకి ఏమీ కాలేదు. ఏది గెలిచినా నష్టపోని వాక్యం, ఏది గెలిచినా లాభపడిందని కూడా అనలేం.

మరి దేనితో పోల్చాలి? జడత్వంతో. న్యూటన్ మొదటి సూత్రం ప్రకారం కదులుతున్నది కదులుతూనే ఉండటానికి తోపు అక్కర్లేదు. జల్మాన్ ప్రశ్న: ఉండటానికి కూడా తోపు అక్కర్లేదా? ఉనికికి జడత్వం ఉందా? క్వాంటం మెకానిక్స్‌లో హామిల్టోనియన్ (వ్యవస్థ శక్తిని చెప్పే గణిత రూపం) ఇస్తే రేపటి స్థితి లెక్కగట్టొచ్చు. ఆ హామిల్టోనియన్ రేపు కూడా ఎందుకు చెల్లుతుందో సమీకరణం చెప్పదు. అది ఫిజిక్స్‌లో లోపం కాదు, దాని పని అది కాదు. జల్మాన్ తన జవాబు ఆ ఖాళీలో పెడతాడు. ఏ ప్రయోగమూ ఆ జవాబుని అవుననదు, కాదనదు. ఇస్లాంలో అష్‌అరీలు అనే మతతత్వవేత్తలు, ఐరోపాలో మలెబ్రాంష్ అనే తత్వవేత్త కూడా ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. బౌద్ధుల క్షణికవాదం వినడానికి ఇలాగే ఉంటుంది, కానీ అక్కడ నిలబెట్టేవాడు లేడు, కలిపేయకండి.

మగ్గిద్ చెప్పిన గుడ్డు ఉదాహరణని కొందరు క్వాంటం జంప్‌కి (అణువు ఒక శక్తి స్థాయి నుంచి ఇంకోదానికి దూకడం) ముడిపెడతారు. గుడ్డు కోడిపిల్ల అయ్యేటప్పుడు, గుడ్డు కానిదీ పిల్ల అవనిదీ అయిన ఒక క్షణం ఉంది, అదే 'అయిన్' అంటాడాయన. అందమైన మాట. కానీ 2019లో యేల్ యూనివర్సిటీలో ఒక సూపర్‌కండక్టింగ్ కృత్రిమ అణువులో జంప్‌ని మధ్యలో పట్టుకుని వెనక్కి తిప్పారు కూడా. దాటే దారి తెగకుండా, క్రమంగా ఉంది; మధ్యలో శూన్యం లేదు. ఈ పోలికని వదిలేయడమే మంచిది.

సూపర్‌పొజిషన్‌కి (రెండు క్వాంటం స్థితులు కలిసి ఉండటం) మందసం, అంటే పది ఆజ్ఞల పలకలున్న పెట్టె, ఉదాహరణ తెస్తారు. యెరూషలేము ఆలయంలో అతిపరిశుద్ధ స్థలం 20 మూరలు. మందసం పొడవు 2.5 మూరలు. అయినా మందసం నుంచి ఇటు గోడకి 10, అటు గోడకి 10 మూరలని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తల్ముద్ అంటుంది. అంటే మందసం ఉంది, చోటు మాత్రం తీసుకోలేదు. చబాద్ దీన్ని వైరుధ్యాలు కలిసి ఉండటానికి నమూనాగా వాడుతుంది. సూపర్‌పొజిషన్ అలాంటి వైరుధ్యం కాదు. జెడ్ దిశలో 'పైకీ కిందికీ' కలిసిన స్పిన్‌ని ఎక్స్ దిశలో కొలవండి, సరైన కలయికైతే ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది. అది తికమక స్థితి కాదు, వేరే దిశలో కచ్చితమైన స్థితి.

మీ సెమినార్‌కి నా ఎంపిక కాలం. నహ్మాన్ 'లిక్కుతే మోహరాన్' రెండో భాగం 61వ పాఠంలో అంటాడు: కాలం ఉన్నట్టు తోచేది మన బుద్ధి కురచ కావడం వల్ల, బుద్ధి పెరిగేకొద్దీ కాలం తగ్గుతుంది. కలలో డెబ్భై ఏళ్లు గడుస్తాయి, లేచి చూస్తే పావుగంట. కాబట్టి పై బుద్ధికి మన డెబ్భై ఏళ్లూ పావుగంటే. దీని పక్కన మ్యూవాన్‌ని, అంటే ఎలక్ట్రాన్ లాంటిదే కానీ బరువైన కణాన్ని, పెట్టండి. దాని సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, ఆ లెక్కన వెలుగు వేగంతో పోయినా దాదాపు 660 మీటర్లలో అయిపోవాలి. వెలుగు వేగంలో 99.5 శాతంతో వస్తే మన గడియారంలో దాని ఆయుష్షు పదిరెట్లు, దూరం ఆరున్నర కిలోమీటర్లు. వాతావరణం పైపొరల్లో పుట్టినవి నేలకి చేరేది అందుకే. జీపీఎస్ ఉపగ్రహాల గడియారం రోజుకి నికరంగా 38 మైక్రోసెకన్లు ముందుకెళ్తుంది: గురుత్వం వల్ల 45 కలుస్తాయి, వేగం వల్ల 7 పోతాయి.

ఇద్దరూ ఒప్పుకునేది: అందరికీ ఒకే కాలం లేదు. విడిపోయేది ఒకే ప్రశ్నతో బయటపడుతుంది. ఒకే విమానంలో ఒకడు నిద్రపోతున్నాడు, పక్కవాడు మెలకువగా ఉన్నాడు. దిగాక వాళ్ల వాచీల్లో తేడా ఉంటుందా? ఐన్‌స్టీన్ ఉండదంటాడు: వేగం, గురుత్వం ఒకటే కాబట్టి. నహ్మాన్‌కి ఆ నిద్రే అసలు విషయం. ఒకరిది గడియారాల కాలం, ఇంకొకరిది మనసు కాలం. హసీదీ గ్రంథం దేనికోసమో కూడా ఇక్కడే చెప్పండి. తాన్యా రెండో భాగం మూడో అధ్యాయంలో సూర్యకిరణం ఉంది: బయట అది వెలుగు, సూర్యబింబం లోపల దానికి విడిగా పేరు లేదు. ప్రార్థనకి ముందు కూర్చుని ఈ మాటనే మనసులో తిప్పుకుంటే 'నేను' పలచబడుతుందని ఉద్దేశం. దాన్ని 'బిట్టుల్' అంటారు. వివరణ కంటే సాధన కోసం రాసిన పుస్తకం అది.

సమయం ఇలా పంచుకోండి: ఎవరు ఎప్పటివారో మూడు నిమిషాలు, నహ్మాన్ పాఠం నాలుగు, మ్యూవాన్ లెక్క బోర్డు మీద ఐదు, విమానం ప్రశ్న నాలుగు, మిగతా నాలుగు క్షణక్షణ సృష్టికి. 137ని మీరు ఎత్తొద్దు, ఎవరో ఒకరు అడుగుతారు. చదవడానికి తాన్యా రెండో భాగంలో పన్నెండు చిన్న అధ్యాయాలే ఉన్నాయి. 1, 2, 3, 7 సరిపోతాయి.

ప్రశ్నల్లో ఇంకోటి రావచ్చు: చివరి లుబావిచ్ రెబ్బే, అంటే చబాద్ శాఖ చివరి గురువు (1902–1994), పారిస్‌లో ఇంజనీరింగ్ చదివినవాడు, రిలేటివిటీ ప్రకారం భూమి తిరుగుతోందా సూర్యుడా అన్నది సైన్స్ తేల్చలేదని ఉత్తరాల్లో వాదించాడు. సమవేగం సాపేక్షమే, భ్రమణం కాదు. 1851లో ఫూకో లోలకం ఆకాశం వైపు చూడకుండానే భూమి తిరగడాన్ని చూపించింది. హైదరాబాద్ అక్షాంశంలో లోలకం ఊగే తలం గంటకి దాదాపు 4.5 డిగ్రీలు తిరుగుతుంది. జనరల్ రిలేటివిటీలో భూమిని కేంద్రంగా పెట్టి సమీకరణాలు రాసుకోవచ్చు, కానీ ఆ 4.5 డిగ్రీలకి అదనపు బలాల పదాలు చేర్చుకోవాల్సిందే. ఇంతవరకే చెప్పి ఆపండి. మీ డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో పొడవాటి లోలకం కట్టే వీలుంటే ముందురోజే కట్టి ఉంచండి.